కంచెయే చేను మేసిన

కావలివాడు నిద్రించుట లోకమున క్రొత్త గాదు. కావలివాడు దొంగకు లోబడుటయు క్రొత్త గాదు. కాని చేని కామందు తన కూడు తాను తెచ్చుకొని, తన కర్ర తాను పట్టుకొని, జీతము లేకయే రాత్రింబవళ్లు చేనికి కాపుండగా, జీతము దినెడి కావలివాడు పాతరలో ధాన్యము దాచి, "గింజ లేదు, చేను బీడు పెట్టుడు" అని కామందునకే ఆజ్ఞ యిచ్చుట మాత్రము క్రొత్త. ఇట్టి వింత 2011, 2012 సంవత్సరములలో అమెరికా సంయుక్త రాష్ట్రములందలి కాలిఫోర్నియాలో జరిగెను. దానిని గూర్చి మేము నేడు వ్రాయుటకు కారణము కలదు. స్వచ్ఛంద సేవ యను పవిత్రమైన మాటను ప్రభుత్వములు ఎట్లు వాడుకొనునో, ఎట్లు వాడుకొనరాదో తెలిసికొనుటకు ఇంతకన్న స్పష్టమైన నిదర్శనము మాకు దొరకలేదు.

"సముద్రముల కావలి అడవుల గొడవ మనకేల?" యని పఠనమందిరమున నొకరిద్దరు పెదవి విరువవచ్చును. వారికి మా సమాధానము రెండు మాటలు. మన తెలుగు కుటుంబములు వేలకొలది నేడు ఆ రాష్ట్రమున కాపురముండి, అచ్చటనే పన్నులు చెల్లించుచు, ఆదివారమునాడు బిడ్డలను వెంటబెట్టుకొని ఆ వనములకే పోవుచున్నవి. ఇది మొదటి మాట. ప్రజల సొత్తునకు యజమాని యెవడు, సేవకుడెవడు అను ప్రశ్నకు సముద్రము అడ్డు గాదు. ఇది రెండవ మాట.

ఆ వనములు దొరతనమువారి దయాభిక్షములు గావు. 1900 సంవత్సరమున ఆండ్రూ హిల్ అను ఛాయాచిత్రకారుడును, మరికొందరు స్త్రీపురుషులును బిగ్ బేసిన్ అను కొండకోనకు పోయి, యుగయుగముల నాటి రెడ్‌వుడ్ మహావృక్షములు రంపముల పాలగుచుండుటకు వగచి, సెంపర్వైరెన్సు క్లబ్బు అను సంఘమును స్థాపించిరి. చందాలు పోగుచేయుట, పత్రికలకు వ్రాయుట, శాసనసభ్యుల గుమ్మముల చుట్టు కాళ్లరుగ తిరుగుట, ఇవియే వారి ఆయుధములు. 1901లో శాసనసభ 2 లక్షల 50 వేల డాలర్లు మంజూరు చేసెను. 1902లో సుమారు 3,800 ఎకరముల అడవి ప్రజల సొత్తయ్యెను. 1918లో సేవ్ ది రెడ్‌వుడ్స్ లీగు అను మరియొక సంఘము పుట్టెను. 1928లో వనముల కొనుగోలునకై 60 లక్షల డాలర్ల ఋణపత్రముల శాసనమును ప్రజలు అత్యధిక సంఖ్యతో ఆమోదించిరి. ఆ శాసనమునందలి నియమమును పాఠకులు గుర్తుంచుకొందురు గాక: ప్రభుత్వమొక డాలరు వేయునెడల, ప్రజలిచ్చు విరాళములనుండి మరియొక డాలరు జత కావలెను. అనగా చేయి చేయి కలిపి మోయుటకు ప్రజలును ప్రభుత్వమును చేసికొన్న ఒడంబడిక అది. నేడు 280 వరకు నున్న ఆ రాష్ట్రవనములన్నియు ఈ ఒడంబడిక నీడననే పెరిగినవి.

ప్రజలు తమ వంతును నాటినుండి నేటివరకు చెల్లించుచునే యున్నారు. పింఛను పుచ్చుకొన్న ఉపాధ్యాయులు, గృహిణులు, కళాశాల విద్యార్థులు, కచేరీ ఉద్యోగులు, తమ సెలవుదినములను ఆ వనములకు ధారపోయుచున్నారు. శీతకాలపు వానలకు తెగిపోయిన కాలిబాటలను పారలు పట్టి పూడ్చువారు వీరు. పరదేశములనుండి వచ్చి స్థానిక వృక్షజాతులను నొక్కివేయు పొదలను వేరుతో పెకలించువారు వీరు. పాఠశాలల పిల్లలను వెంటబెట్టుకొని ఈ చెట్టు పేరిది, ఈ పక్షి కూత యిది యని బోధించువారు, గుర్రముల మీదను సైకిళ్ల మీదను గస్తీ తిరుగుచు దారి తప్పినవారికి దారి చూపువారు, శిబిరములకు వచ్చిన యాత్రికులకు మంచిచెడ్డలు చూచువారు వీరే. సేతుబంధనమున ఉడుత చేసిన సేవ మనకందరకు తెలిసినదే. వీరి సేవయు నట్టిదే. అయితే శ్రీరాముడు ఆ ఉడుత వీపు నిమిరెనే గాని, "ఉడుత యున్నది గదా, ఇక వానరు లిండ్లకు పోవచ్చును" అని సుగ్రీవున కాజ్ఞ యిడలేదు. కాలిఫోర్నియా ప్రభుత్వ మా ఆజ్ఞయే యిచ్చెను.

2011 మే నెలలో ఆ రాష్ట్ర వనశాఖవారు 278 వనములలో 70 వనములను మూసివేయుదుమని ప్రకటించిరి. 2012 జూలై 1వ తేదీ గడువు. ఖజానాలో ధనము లేదు, మొదటి యేట 1 కోటి 10 లక్షల డాలర్లు, పిమ్మట యేటేట 2 కోట్ల 20 లక్షల డాలర్లు మిగుల్చుకొనక తప్పదు, ఇది వారు చెప్పిన కారణము. ఒక శతాబ్దికి పైగా నెగడిన వనవ్యవస్థలో ఒక్క కలముపోటుతో నాల్గవ భాగము తలుపులు మూతపడుటకు సిద్ధమయ్యెను. ఆ సంవత్సరము అక్టోబరులో మరియొక శాసనము వచ్చెను. లాభాపేక్ష లేని సంఘములు ముందుకు వచ్చునేని 20 వనముల వరకు వారి కప్పగింపవచ్చునట! భారము దింపుకొనువానికి భుజము చూపువాడు దొరకిన చాలును గదా.

భుజములు దొరకినవి. జాక్ లండన్ అను నవలాకారుడు నివసించిన వ్యవసాయక్షేత్రమును 2012 మే నెలలో ఒక స్థానిక సంఘము సంపూర్ణముగా తన నిర్వహణమునకు తీసికొనెను. షుగర్‌లోఫ్ రిడ్జి వనమును కొన్ని సంఘములు కూటమిగా నేర్పడి నెత్తికెత్తుకొనినవి. పూర్వము చీనా జాలరులు రొయ్యలు పట్టి జీవించిన చైనా క్యాంపు వనమును దాని మిత్రమండలి చేపట్టెను. ఉత్తర కాలిఫోర్నియాలోని రాష్ట్రవనములలో నతి విశాలమైన హెన్రీ కో వనమునకు దాతలు ధనమిచ్చి తలుపు తెరచియుంచిరి. విందులు పెట్టి, సంగీతసభలు జరిపి, ఇంటింటికి తిరిగి, పదేసి యిరువదేసి డాలర్లు ప్రోగుచేసి, గడువునాటికి దాదాపు అన్ని వనములను వారు మూతపడకుండ నిలిపిరి. ఇట్టి ప్రజలను గన్న దేశమేదైనను గర్వింపవలసినదే.

గడువు దాటి మూడు వారములైన గడువలేదు, పాతర బయలుపడెను. 2012 జూలై 20వ తేదీన ఆ వనశాఖ అధినేత్రి రాజీనామా నిచ్చెను. ఏలయన ఆ శాఖ తన రెండు నిధులలో 5 కోట్ల 40 లక్షలకు చేరువయైన డాలర్లను రాష్ట్ర ఆర్థికశాఖకు తెలియజేయక దాచియుంచినట్లు తేలెను. అందు 2 కోట్ల 4 లక్షలు వనముల సామాన్య నిధిలోనివి. 3 కోట్ల 35 లక్షలు కొండదారులలో మోటారుబండ్లు నడపువారికై ప్రత్యేకించిన నిధిలోనివి. ఒక యేడు రెండేండ్లు గాదు, పండ్రెండేండ్లుగా ఈ దొంగలెక్క సాగుచుండెనట. ఆ 2011వ యేటనే ప్రధాన కార్యాలయములోని ఉద్యోగులు కొందరు, అనుమతి లేకయే తమ వాడని సెలవులను సొమ్ముగా మార్చుకొని 2 లక్షల 71 వేల డాలర్లకు పైగా పుచ్చుకొన్న సంగతియు ఆ నెలలోనే వెల్లడి యయ్యెను. వనద్వారముకడ పిల్లలు చిల్లర నాణెములు హుండీలో వేయుచుండిరి. కార్యాలయమున పెద్దలు సెలవులు అమ్ముకొనుచుండిరి!

న్యాయము తప్పి వ్రాయుట మా పత్రికాధర్మము గాదు. రాష్ట్ర అటార్నీ జనరలు కార్యాలయమువారి విచారణ 2013 జనవరిలో వెలువడెను. తొలుత లెక్కల తేడాగా మొదలైనది పిమ్మట తెలిసి తెలిసి దాచిన రహస్యమయ్యెనని, తలవంపులగునను భయమును, బడ్జెటు తగ్గింతురను భయమును దీనికి కారణములని అందు తేలెను. ఆ నిధిని ఎవరును తమ యింటికి మోసికొనిపోయినట్లు తేలలేదు. మోటారుబండ్ల నిధిని అన్ని వనములకును వాడుట శాసనము ప్రకారము కుదరదనియు, దాచిన సొమ్ము ఒక్కసారికి పనికివచ్చునే గాని యేటేట రాదనియు వాదించువారు గలరు. ఒప్పుకొందము. మోటారుబండ్ల నిధిని ముట్టకయే విడువుడు. మిగిలిన 2 కోట్ల 4 లక్షలతో మొదటి యేటి మూసివేత యావత్తు తప్పియుండెడిది గదా! రెండవ యేటికిని కొంత మిగిలియుండెడిది గదా! ఆ వ్యవధిలో ప్రజలు నింపాదిగా మార్గము వెదకుకొని యుండెడివారు గదా! దొంగిలింపకపోవుట గుణమే, కాని యజమాని కన్నీటితో భిక్షమెత్తుచుండగా అతని మూటను అతనికే చూపకుండుట ఏ ధర్మశాస్త్రమున గుణమనిపించుకొనును?

ఇక రెండవ వాదమును పరికింతము. "2010 నవంబరులో వాహనమొక్కటికి 18 డాలర్ల రుసుము విధించి వనములకు శాశ్వత నిధి యేర్పరుపవలెనని ప్రజల మ్రోల ప్రతిపాదన పెట్టినప్పుడు, ఆ ప్రజలే దానిని త్రోసిపుచ్చిరి. కాదన్నవారికి ఏడ్చు హక్కెక్కడిది?" యని ప్రభుత్వపక్షమువారు ప్రశ్నింతురు. ప్రశ్న బాగుగనే యున్నది. కాని ఓటరు చేతికి చీటి యిచ్చుటకు ముందు సరియైన లెక్క యిచ్చితిరా? వనశాఖ పెట్టెలో ఎంత యున్నదో శాసనసభకే తెలియనప్పుడు సామాన్య ఓటరునకు తెలియునా? తప్పుడు పద్దు చూపి తీసికొన్న తీర్పును ప్రజల తీర్పని చెప్పుట, తప్పుడు తక్కెడతో తూచి "తూకము సరిపోయినది" అని చెప్పుట వంటిదే.

ఈ రెంటికంటె ప్రమాదకరమైన మూడవ వాదము వేరొకటి గలదు. అది మధురముగా వినబడును, కావుననే ప్రమాదకరము. "చూచితిరా, సంఘములు తీసికొన్న వనములు ప్రభుత్వముకన్న చక్కగా నడచుచున్నవి. కావున ప్రభుత్వము వైదొలగుట మేలు. ప్రజలే నడుపుకొందురు గాక!" అని యీ వాదము. స్వచ్ఛంద సేవకుని మెడలో పూలదండ వేయుచు, ఆ దండ చాటున బరువు తగిలించువారి మాట యిది. మేము దీనిని సంపూర్ణముగా నిరాకరించుచున్నాము.

స్వచ్ఛంద సేవకుడు చేయజాలని పనులు కలవు. రెడ్‌వుడ్ వృక్షముల మొదళ్లయందు పెరుగు చేవగల బొడుపులను రాత్రివేళ రంపములతో కోసికొనిపోవు దొంగల బాధ పడలేక, 2014లో ఉత్తరపు రెడ్‌వుడ్ వనములలోని యొక రహదారిని రాత్రులందు మూసివేయవలసి వచ్చెను. ఆ దొంగను పట్టి బంధించుటకు రేంజరుకు అధికారము గలదు. సేవకుని చేతిలో ఈల మాత్రమే గలదు. శిథిలమైన నీటిగొట్టములు, మురుగు కాలువలు, వంతెనలు బాగుచేయుటకు వందకోట్ల డాలర్లకు మించిన పని ఆనాటికే పేరుకొనిపోయి యుండెను. సంగీతసభల వసూళ్లు అందుకు చాలునా? 2020 ఆగస్టులో పిడుగులు రగిల్చిన దావాగ్ని బిగ్ బేసిన్ వనమున నూటికి 97 పాళ్లను కాల్చి, 1936 నాటి ప్రధాన భవనమును బూడిద చేసెను. 2022 జూలైలో కొలది భాగమైన తిరిగి తెరచుటకు రాష్ట్రశక్తియు, ప్రజాసంఘముల శక్తియు రెండును కావలసి వచ్చెను. ఒంటిచేతితో కానిపనిని ఒంటిచేతికే అప్పగించుట సేవకుని గౌరవించుటయా, కూల్చుటయా?

అంతే గాదు. స్వచ్ఛంద సేవ ధనవంతుల పేటలకు దాపున విరివిగా మొలచును, ఎడారిలో మొలవదు. సంపన్న పట్టణములకు చేరువనున్న వనములకు మిత్రమండలులు, దాతలు, న్యాయవాదులు, తీరికగల వృద్ధులు దొరకిరి. మొహావీ ఎడారిలో మిచెల్ గుహలున్న వనమునకు ఎవరు దొరకిరి? 2011 జనవరిలో దాని తలుపులు మూతపడినవి. కాపు లేని ఆ చోట దుండగులు ప్రవేశించి కట్టడములను పాడుచేసిరి. 2017 నవంబరులో గాని, అనగా దాదాపు ఏడేండ్లకు గాని, అది తిరిగి తెరువబడలేదు. భాగ్యవంతుల యింటి ప్రక్క వనము బ్రతికి, దిక్కులేని వనము చచ్చుట ప్రజాస్వామ్యమనిపించుకొనదు. అందరి యెడ సమముగ చేయి చాచువాడు ప్రభుత్వమొక్కడే. ఆ చేయి ముడుచుకొన్నచో సేవాభావము గూడ వర్గభేదమునకు దాసియగును.

అట్లని, ఆగ్రహించి సేవనే మానుడని చెప్పువారితోను మేము ఏకీభవింపము. అధికారి చేసిన పాపమునకు చెట్టు శిక్ష ననుభవింపరాదు. కాలిఫోర్నియా సేవకులు సిగ్గుపడవలసినది ఏమియు లేదు, సిగ్గుపడవలసినవారు వేరు. వారు పారలు క్రింద పడవేయలేదు, లెక్కలడిగిరి. ఫలితముగా 2012 సెప్టెంబరులో శాసనసభ రెండేండ్లపాటు ఏ వనమును మూయరాదని శాసించి, 2 కోట్ల 5 లక్షల డాలర్లు కేటాయించి, అందొక భాగమును దాతల విరాళములకు జతగా నియ్యవలెనని నిర్ణయించెను. 1928 నాటి ఒడంబడిక మరల జీవించెను. పార పట్టిన చేయియే పద్దు పుస్తకమును గూడ పట్టినప్పుడు ఏమి జరుగునో పాఠకులు చూతురు గాక!

ఇక మన యింటివంక దృష్టి మరల్తము. 2016లో హైదరాబాదు నగరమున కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయవనము చుట్టు వంతెనలకై చెట్లు కొట్టుదుమనినప్పుడు అడ్డు నిలిచినది ఉదయసాయంకాలములందు అచ్చట నడచు పౌరులే. 2025 మార్చి చివర, ఉగాది సెలవులలో, కేంద్రీయ విశ్వవిద్యాలయము చెంత కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరములలోనికి యంత్రములు దిగినప్పుడు అడ్డు నిలిచినది విద్యార్థులే. వారిలో కొందరు పోలీసుల చేత పట్టుబడిరి. అది అడవి గాదు, ప్రభుత్వ భూమి యని పాలకులు వాదించిరి. ఏప్రిల్ 3వ తేదీన సుప్రీముకోర్టు తనంత తానుగా కలుగజేసికొని యంత్రముల నాపెను; అప్పటికే సుమారు 100 ఎకరముల పచ్చదనము నేలగూలెను. ఏ పక్షమువారు గద్దె నెక్కినను వ్యవహారమొక్కటే. మొక్కలు నాటు దినమున "ప్రజలారా రండు, ఇది మీ వనము" అని పిలుపు, చెట్లు కొట్టు దినమున "మీరెవరు?" అని గద్దింపు. నాటుటకు యజమాని, నరకునప్పుడు పరాయివాడు! ఇట్టి యజమానత్వమును మేమెన్నడును విని యెరుగము.

కాలిఫోర్నియా కథ మనకు నేర్పు నియమములు నాలుగు. సేవ స్వీకరించు ప్రతి ప్రభుత్వశాఖయు తన లెక్కలన్నియు సేవకుల మ్రోల పరువవలెను; చెమట నడుగువాడు పద్దు దాచరాదు. ఇది మొదటిది. ప్రజలిచ్చిన విరాళము ప్రభుత్వపు కేటాయింపునకు అదనము కావలెనే గాని బదులు కారాదు. ప్రజలొక రూపాయి వేసిరని తానొక రూపాయి వెనుకకు లాగుకొనరాదు. ఇది రెండవది. గొడ్డలి లేచుటకు ముందు, తాళము పడుటకు ముందు, ఆ స్థలమును కాచువారి మాట వినుట శాసనవిధి కావలెను; లేచిన పిమ్మట కోర్టు మెట్లెక్కి విన్నవించుకొను దుర్గతి వారికి పట్టరాదు. ఇది మూడవది. మిత్రులులేని వనములకే ప్రభుత్వధనము ముందుగా చేరవలెను. ఇది నాల్గవది.

ఈ నాలుగింటిలో ఒక్కటియైన అసాధ్యము గాదు. ఒక్కటియైన విప్లవము గాదు. చేనిని మేయని కంచె కావలెనని మాత్రమే మేము కోరుచున్నాము. మన పట్టణములలో ఉద్యానములకై, చెరువుగట్లకై, గుట్టలకై ఆదివారములు ధారపోయుచున్న సోదరసోదరీమణులారా! మీ సేవను మేము మనసార నమస్కరించుచున్నాము. పార విడువకుడు. కాని రేపు ఏ మంత్రియైనను మీ సభకు వచ్చి మీ త్యాగమును పొగడునప్పుడు, కరతాళధ్వనులు చేయుటకు ముందు ఒక్క ప్రశ్న వేయుడు: "అయ్యా, మా వంతు మేము చెల్లించితిమి, మీ పద్దు ఏది?" ఆ ప్రశ్నకు సూటిగా బదులు చెప్పగలవానికే మీ చప్పట్లు చెల్లును.